లంక పొగాకు వర్తకుడు: గోదావరి తీరంలో ఒక చిన్న వృత్తి చరిత్ర

వ్యాససంగ్రహం

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో పొగాకు అమ్ముకుని బతికిన చిన్న దుకాణదారుడు నాటకంలో పాత్ర అయ్యాడు, లైసెన్సు పత్రాల్లోకి ఎక్కాడు, మరణానంతర ఆస్తి జాబితాల్లో మిగిలాడు. గోదావరి లంకల్లో పండిన పొగాకు ఇంగ్లీషు నిఘంటువు దాకా, లండన్ అపరాధ పరిశోధక నవల దాకా ప్రయాణించింది. దాన్ని రైతు దగ్గర కొని, తూచి, పడవకెక్కించిన తెలుగు వర్తకుడికి మాత్రం ఆ నిఘంటువులోనూ ఆ నవలలోనూ చోటు దొరకలేదు. పోలవరం మొదలు కాకినాడ మీదుగా రంగూన్ దాకా సాగిన ఈ వర్తకాన్ని భాష, నేల, తూకం, పన్ను అనే ఆధారాల నుంచి చదవడానికి ఈ వ్యాసం ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: లంక పొగాకు, చుట్ట, వీశ, పోలవరం, కోరంగీలు, రంప తిరుగుబాటు, ఎక్సైజు సుంకం.

ప్రవేశిక

బెన్ జాన్సన్ 1610లో రాసిన 'ది ఆల్కెమిస్ట్' నాటకంలో ఏబెల్ డ్రగ్గర్ అనే యువకుడు ఉన్నాడు. లండన్‌లో కొత్తగా పొగాకు దుకాణం కట్టుకుంటున్నాడు. తలుపు ఏ దిక్కున పెట్టాలి, అలమరలు ఏ గోడకు అమర్చాలి, పెట్టెలు ఎక్కడ, జాడీలు ఎక్కడ అని అడగడానికి ఒక మోసగాడైన రసవాది దగ్గరకు వస్తాడు. తెలుగు పాఠకుడికి ఈ సన్నివేశం వింతగా తోచదు. కొట్టు తెరిచే ముందు వాస్తు, ముహూర్తం అడగని వర్తకుడు మన అంగళ్లలోనూ అరుదు. డ్రగ్గర్ సరుకు మంచిదని నాటకంలో మరో పాత్ర సాక్ష్యమిస్తుంది. అతడు ఆకులో మద్యపు మడ్డి కలపడు, నూనె పట్టించడు, తోలులో చుట్టి నేలలో పాతిపెట్టడు. ఆకు కోసుకోవడానికి చెక్క దిమ్మె, నిప్పు అందించడానికి వెండి పటకారు, పీల్చడానికి గొట్టాలు అన్నీ అతని అంగట్లో ఉన్నాయి. నవ్వించడానికి కల్పించిన పాత్రే అయినా, ఆనాటి పొగాకు కొట్టులో ఏ వస్తువులుండేవో, ఏ కల్తీలు నడిచేవో ఆ కొద్ది సంభాషణలో మిగిలిపోయాయి.

నాటకం పక్కన రాజ్యం కూడా ఆ దుకాణదారుణ్ణి వదలలేదు. మొదటి జేమ్స్ 1604లో పొగాకును నిందిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రచురించి, అదే ఏడాది పౌనుకు 2 పెన్నీలున్న సుంకాన్ని 6 షిల్లింగుల 10 పెన్నీలకు పెంచాడు. వ్యాపారం ఆగలేదు. లండన్‌లో పొగాకు అమ్మే ఇళ్లు ఏడువేలకు పైగా ఉన్నాయని 1614లో బార్నబీ రిచ్ అనే రచయిత ఫిర్యాదు చేశాడు. అతిశయోక్తి తీసేసినా అది పెద్ద సంఖ్యే. 1633లో మొదటి చార్లెస్ చిల్లర అమ్మకాన్ని లైసెన్సు ఉన్నవారికే పరిమితం చేశాడు. ఎవరు, ఏ ఊళ్లో, ఎంత కట్టి అమ్ముకుంటున్నారో అప్పటినుంచి కాగితం మీదికి వచ్చింది. ఆ దుకాణదారుడు చనిపోతే అతని కొట్టులోని త్రాసు, తూకపురాళ్లు, మిగిలిన ఆకు విలువతో సహా జాబితాకెక్కేవి. చిల్లర నాణేల కొరత తీర్చడానికి 1648కీ 1672కీ మధ్య చిన్న వర్తకులు తమ పేర్లతో ముద్రించుకున్న టోకెన్లు నేటికీ మ్యూజియాల్లో కనిపిస్తాయి. ఇంగ్లండులో ఒక సామాన్య పొగాకు వ్యాపారి చరిత్ర రాయడం సాధ్యపడేది ఇలాంటి ఆధారాల వల్లనే.

అదే శతాబ్దంలో అదే ఆకు గోదావరి తీరానికీ చేరింది. ఇక్కడి వర్తకుడి చరిత్రకు ఆధారాలను వేరే చోట వెతకాలి.

పేరు చెప్పే చరిత్ర

మొదటి ఆధారం పదమే. అమెరికా నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చిన ఈ మొక్కను ఉత్తరాది భాషలు పరదేశీ పేరుతోనే 'తంబాకు'గా స్వీకరించాయి. దక్షిణాది భాషలు అలా చేయలేదు. తెలుగు 'పొగాకు', తమిళ 'పుగైయిలై', కన్నడ 'హొగెసొప్పు', మలయాళ 'పుకయిల' అన్నీ పొగనూ ఆకునూ కలిపి కట్టుకున్న దేశి సమాసాలు. కొత్త సరుకు పాత పేరుతో అంగట్లోకి దిగిందంటే, దాన్ని పరిచయం చేసినవాడు జనం భాషలో బేరమాడినవాడని అర్థం చేసుకోవచ్చు. మొక్కను తెచ్చింది ఓడ. పేరు పెట్టింది సంత.

'చుట్ట' కూడా అలాంటిదే. చుట్టినది కనుక చుట్ట. ఇదే అర్థం గల తమిళ 'సురుట్టు' నుంచి ఇంగ్లీషు 'చెరూట్' పుట్టింది. ఇంగ్లీషువాడు గొట్టంతో మొదలుపెట్టి ఆలస్యంగా చుట్టకు వచ్చాడు. కోస్తా తెలుగువాడు ఆకునే చుట్టి ఆకుతోనే కాల్చాడు. డ్రగ్గర్ కొట్టులోని దిమ్మె, పటకారు, గొట్టాలు ఇక్కడి వర్తకుడికి అక్కరలేదు. అతని పెట్టుబడంతా ఆకులోనే. దుకాణం లేకుండానే, సంతలో గోనె పరచుకుని కాడల లెక్కన అమ్ముకోగలిగిన వ్యాపారమిది. అంగడి వస్తువులు లేవు కనుక ఆస్తి జాబితాకు ఎక్కవలసినవీ తక్కువే. అయితే ఈ తేడాను మరీ సాగదీయకూడదు. జాబితా రాసే న్యాయస్థానమే ఇక్కడ లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

కాలం విషయంలో కొన్ని గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. బీజాపూరు నుంచి తిరిగివెళ్లిన అసద్ బేగ్ పదిహేడో శతాబ్దం తొలి సంవత్సరాల్లో అక్బరు కొలువులో పొగాకును ప్రవేశపెట్టిన వృత్తాంతం ప్రసిద్ధం. 1617లో జహంగీరు నిషేధించాడు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నం చేరింది. 1618 నుంచి 1622 వరకు అక్కడ ఉద్యోగం చేసిన విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యాన్ని వర్ణిస్తూ ఇక్కడి సరుకుల్లో పొగాకునూ పేర్కొన్నాడు. కొత్త ఖండపు మొక్క తెలుగు నేలలో నాటుకుని వర్తక సరుకుగా మారడానికి ఒక తరం పట్టలేదన్నమాట. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం, వీరవాసరం, పాలకొల్లు వంటి చోట్ల ఇంగ్లీషు, డచ్చి గిడ్డంగులు వెలసినది కూడా ఈ శతాబ్దంలోనే. కాని ఆ కంపెనీల దృష్టి బట్ట మీద. నేతగాడికి బయానా ఇచ్చే మధ్యవర్తుల పేర్లు వాళ్లకు అవసరం కనుక రాసుకున్నారు. కోస్తా పడవల్లో ఆకు తీసుకెళ్లే వర్తకుడితో వాళ్లకు అంతటి పని లేదు.

లంక నేల, వర్తకుడి లెక్క

గోదావరి లంక స్థిరమైన ఆస్తి కాదు. వరద తెచ్చిన ఒండ్రుతో నది మధ్య లేచిన తిన్నె అది. ఒక ఏడు పెరుగుతుంది, మరో ఏడు సగం కోసుకుపోతుంది, ఒక్కోసారి ఈ ఒడ్డున మాయమై ఆ ఒడ్డుకు దగ్గరగా తేలుతుంది. అందువల్ల లంక మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న జమీందారుల కాలంలోనూ, 1802–03 శాశ్వత పరిష్కారం తర్వాతా, ప్రభుత్వ కౌళ్ల కాలంలోనూ తగాదాలకు కారణమైంది. రైతు గట్టు మీది ఊళ్లో ఉండి పడవలో లంకకు వెళ్లి సాగు చేసి వస్తాడు.

పంట కాలాన్ని వరదే నిర్ణయిస్తుంది. వానకాలం చివర నారుమడి, వరద తీసిన తర్వాత ఆశ్వయుజ కార్తికాల్లో నాటు, ఆపైన తలలు తుంచడం, పిలకలు గిల్లడం. మాఘమాసం వచ్చేసరికి కోత. కోసిన పొగాకును ఎండలో, గాలిలో ఆరనిచ్చి మండెలు కడతారు. మండెలో ఆకు వేడెక్కి, మాగి, రంగు తిరిగి, ఘాటు స్థిరపడుతుంది. మండెను ఎప్పుడు విప్పాలి, ఎప్పుడు తిరగవేయాలి అన్నది చేతి అనుభవంతో తెలిసే విషయం. ఒకరోజు ఆలస్యమైతే ఆకు కుళ్లుతుంది, ముందే విప్పితే పచ్చి వాసన పోదు. రైతు నైపుణ్యం ఎక్కడ ముగుస్తుందో వర్తకుడి నైపుణ్యం ఎక్కడ మొదలవుతుందో విడదీయలేని స్థలం మండె.

కొనేవాడు ఆకును వేళ్ల మధ్య సాగదీసి, మడిచి, వాసన చూస్తాడు. చివర నిప్పంటించి అది నిలకడగా పాకుతుందో ఆరిపోతుందో గమనిస్తాడు. దీని వెనక ఒక నేల రహస్యం ఉంది. ఉప్పు తగిలిన నేలలో పెరిగిన పొగాకులో క్లోరైడు చేరుతుంది, అలాంటి ఆకు సరిగా కాలదు. ఏటేటా మంచినీటి వరద కడిగి కొత్త ఒండ్రు పరిచే లంక ఆకు చక్కగా కాలుతుంది. రసాయన శాస్త్రం ఈ మాట చెప్పడానికి ఎంతో ముందే, లంక ఆకుకూ సముద్రపు ఉప్పు తగిలిన నేల ఆకుకూ తేడాను వర్తకుడి నిప్పు చెప్పింది.

పెట్టుబడి వైపు చూస్తే అతను సగం వర్తకుడు, సగం వడ్డీ వ్యాపారి. వరద నష్టం రైతును ఎప్పుడూ అప్పు అంచున నిలబెడుతుంది. నాటుకు ముందే బయానా ఇచ్చినవాడు కోతనాడు ధర చెప్పగలుగుతాడు. కాని లంకే కొట్టుకుపోతే బయానా కూడా నీళ్లపాలే. ఆవర్జాలో ఒక పేజీ రైతుపేరున, ఒక పేజీ పడవవాడి పేరున, ఒక పేజీ పట్నపు సాహుకారు పేరున నడిపే ఈ మనిషి, పై అప్పుకూ కింది అప్పుకూ మధ్య తేడాను తిని బతికాడు. దళారీ దోపిడీ అని ఒక్కమాటతో దీన్ని తేల్చడం సులభం. రైతు మోసే ప్రమాదంలో అతను కొంత పంచుకున్నాడన్నది కూడా లెక్కలోకి రావాలి.

పోలవరం: కొండకూ మైదానానికీ మధ్య

పాపికొండల ఇరుకు దాటి గోదావరి వెడల్పయ్యే చోట, కుడి ఒడ్డున పోలవరం ఉంది. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన సుమారు 42 కిలోమీటర్లు. డెల్టా ఇంకా మొదలుకాలేదు. కొండలు ఇంకా పూర్తికాలేదు. పొగాకు వర్తకపు దారిలో ఈ ఊరికి రెండు ముఖాలున్నాయి. కిందికి చూస్తే తాళ్లపూడి, కొవ్వూరు, రాజమహేంద్రవరం, లంకలు. పైకి చూస్తే కోయలు, కొండరెడ్లు ఉండే గూడేలు, వాళ్లు దిగివచ్చే వారపు సంతలు. పైకి ఉప్పు, బట్ట, పొగాకు వెళ్లేవి. కిందికి చింతపండు, వెదురు, కలప వచ్చేవి. కొండల్లోనూ ఇళ్ల పక్కన పొగాకు వేసుకునేవారు కాని, లంక ఆకు ఘాటు వేరు.

ఈ సంత వర్తకుడు ప్రభుత్వ పత్రాల్లో తన వెలుగు వైపు నుంచి కాక చీకటి వైపు నుంచి కనిపిస్తాడు. 1879 మార్చిలో గోదావరికి అవతల రంప ప్రాంతంలో మొదలైన తిరుగుబాటుకు కారణాలను విచారించిన అధికారి సల్లివన్, కల్లు మీద విధించిన కొత్త పన్నుతోనూ మన్సబుదారు దురాగతాలతోనూ పాటు మరొకదాన్ని గుర్తించాడు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్ల అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని అన్యాయపు ఒప్పందాలు రాయించుకుని, దూరపు కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు తెచ్చి, పశువులనూ ఆస్తులనూ జప్తు చేయించేవారు. ఆ వర్తకులంతా పొగాకువాళ్లు కారు. ఒక్క సరుకుతోనే కొండ వ్యాపారం చేసినవాడు ఉండడు కూడా. అయినా ఉప్పుతోపాటు పొగాకు కాడను అప్పుగా ఇచ్చిన చేయి ఆ చేతుల్లో ఉందనడంలో సందేహం అక్కరలేదు. డెల్టాలో ప్రమాదం పంచుకున్న మనిషే కొండ అంచున ప్రమాదంగా మారాడు. మైదానపు రైతుకు లెక్క తెలుసు, పక్క ఊళ్లో మరో వర్తకుడు దొరుకుతాడు. గూడెంలో ఆ రెండూ లేవు. అతని నడతను మార్చింది స్వభావం కంటే ఈ స్థలభేదమే అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ.

కాకినాడ రేవు, రంగూన్ తూకం

1844కు ముందు నదీ మార్గంలోని ప్రతి చౌకీ దగ్గర సాయరు సుంకం కట్టాలి. ఆ ఏడాది మద్రాసు రాజధానిలో అంతర్గత రవాణా సుంకాలు రద్దయ్యాయి. 1847లో మొదలై 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీళ్లే కాదు, పడవలకు దారీ అయ్యాయి. సుంకం పోవడం, కాలువ రావడం ఒకే పదేళ్లలో జరగడంతో రాజమహేంద్రవరం దగ్గరి లంక ఆకు కాకినాడ రేవుకు చేరే ఖర్చు తగ్గిపోయింది. 1789, 1839 తుపానులకు కోరంగి దెబ్బతిన్నది, రేవు పూడిపోతూ వచ్చింది. దాని స్థానంలో కాకినాడ నిలిచింది.

కాకినాడ నుంచి పొగాకు ప్రధానంగా బర్మాకు వెళ్లింది. బర్మాలో చుట్ట కాల్చని ఇల్లు లేదు, అక్కడి చుట్టలు చుట్టేవారికి మద్రాసు రాజధాని ఆకు కావాలి. అదే ఓడల్లో కూలీలూ వెళ్లారు. కోరంగి నుంచి వచ్చినవారని బర్మాలో తెలుగువాళ్లందరినీ 'కోరంగీలు' అన్నారు. రేవు క్షీణించిన చాలా కాలానికి కూడా ఆ పేరు పోలేదు. ఆకుకు లంక పేరు, మనిషికి కోరంగి పేరు! ఇద్దరూ తమ సొంత పేర్లు రేవులో వదిలి ఓడ ఎక్కినట్టుంది.

తూకం మాత్రం వర్తకుడితోపాటు వెళ్లింది. మద్రాసు లెక్కలో 40 పలాలు ఒక వీశ, అంటే మూడు పౌన్లకు కొంచెం ఎక్కువ. 8 వీశలు మణుగు, 20 మణుగులు బారువ. బర్మాలో సుమారు 3.6 పౌన్ల తూకాన్ని యూరోపియన్లు 'విస్' అని రాశారు. ఆ మాట దక్షిణాది 'వీశ' నుంచి వచ్చిందే. బంగాళాఖాతానికి రెండువైపులా ఒకే పేరుగల తూకం ఉండి, దాని బరువు మాత్రం రెండుచోట్ల రెండు రకాలైతే, ఆ తేడాను క్షణంలో లెక్కకట్టగలగడం వర్తకుడికి చదువు. కంపెనీ దస్త్రాల కంటే బలమైన సాక్ష్యం ఈ ఒక్క మాట. తెలుగు, తమిళ త్రాసులు అక్కడ చాలాకాలం వేలాడి ఉంటే తప్ప ఒక దేశపు తూకానికి పరభాషా పుస్తకాల్లో ఈ పేరు స్థిరపడదు.

1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు, 1937లో బర్మా విడిపోవడం, 1942 నాటి యుద్ధపు వలస ఈ వర్తకాన్ని విరిచేశాయి. నడిచి వచ్చిన కూలీల గురించి కొంతైనా రాశారు. రంగూన్‌లో చిక్కుకుపోయిన ఆవర్జాల బాకీలకు అంతపాటి శ్రద్ధ దక్కలేదు.

నిఘంటువులో లంక

యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో 'లుంకా' ఒక పదం. గోదావరి డెల్టా దీవుల్లో పండిన పొగాకుతో చేసిన, మద్రాసు రాజధానిలో ఆదరణ గల ఘాటైన చుట్ట అని దాని అర్థం. 1890లో వెలువడిన ఆర్థర్ కానన్ డాయిల్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద తాను రాసిన గ్రంథం గురించి చెబుతూ, హంతకుడు కాల్చింది భారతీయ 'లుంకా' అని తేలితే వెతకవలసిన మనుషుల సంఖ్య తగ్గిపోతుందంటాడు. గోదావరి ఒండ్రు లండన్‌లో నేరపరిశోధనకు ఆనవాలు అయింది. ఆకు కొసకు నిప్పంటించి బూడిద చూసే లంక వర్తకుడి పరీక్షకూ హోమ్స్ పరీక్షకూ సూత్రం ఒక్కటే. ఒకరిది శాస్త్రం అనిపించుకుంది, రెండోది బేరం కింద పోయింది.

తెలుగు సాహిత్యం చుట్టను మరోవిధంగా చేరదీసింది. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయ్యే నాటికి చుట్ట ఒక సాంఘిక సంకేతం. గిరీశం నోట వినిపించే పద్యం పొగాకుకు గరుత్మంతుడు తెచ్చిన అమృతంతో పుట్టుక కల్పించి, పొగ తాగనివాణ్ణి వెక్కిరిస్తుంది. జాన్సన్ నాటకంలో పొగాకు అమ్మేవాడు పాత్ర. గురజాడ నాటకంలో తాగేవాడు పాత్ర. ఇంగ్లీషులోనూ 'టొబాకోనిస్ట్' అన్న మాటకు మొదట తాగేవాడనే అర్థం, అమ్మేవాడనే అర్థం తరువాతిది. తెలుగు సాహిత్య విమర్శ గిరీశం చుట్ట గురించి చాలా రాసింది. ఆ చుట్ట ఏ అంగట్లో, ఎవరి అప్పు మీద వచ్చిందో అడగవలసిన ప్రశ్నగా తోచలేదు.

పన్ను రాసిన పేరు

వర్తకుడి పేరు చివరికి క్రమబద్ధంగా కాగితం మీదికి రావడానికి రెండో ప్రపంచయుద్ధం కావలసివచ్చింది. 1943లో భారత ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు సుంకం విధించింది. పండించేవాడు, ఆరబెట్టేవాడు, నిల్వచేసేవాడు, అమ్మేవాడు అందరూ ఆ వలలోకి వచ్చారు. గిడ్డంగికి ప్రభుత్వ తాళం, ఆకు కదిలితే పర్మిట్, ప్రతి మండెకూ రిజిస్టరులో ఒక పంక్తి. మూడువందల ఏళ్ల కిందట చార్లెస్ లైసెన్సులు ఇంగ్లండులో చేసిన పనిని ఈ సుంకం గోదావరి జిల్లాల్లో చేసింది. సంతలో గోనె పరచుకుని బతికినవాడు ఇనస్పెక్టరుకు జవాబు చెప్పే లైసెన్సుదారు అయ్యాడు. లైసెన్సు, గిడ్డంగి, ముందుగా కట్టే సొమ్ము భరించలేని చిన్నవాళ్లు పెద్దవాళ్ల కింద చేరారు. ముడి పొగాకు మీద ఆ సుంకం 1979లో రద్దయ్యేదాకా ఇదే వ్యవస్థ. ఆ రిజిస్టర్లు చరిత్రకారుడికి వరం. వాటిలో పేరు పడినవారికి మాత్రం అలా అనిపించి ఉండదు.

ఈలోగా పంటే మారింది. గుంటూరు వైపు వేళ్లూనిన వర్జీనియా పొగాకు క్రమంగా పశ్చిమగోదావరి ఎగువ మెట్టల తేలిక నేలలకు పాకింది. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది, 1976లో పొగాకు బోర్డు వచ్చింది. పోలవరానికి దగ్గరి జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి నేడు బ్యారన్లకూ వేలం కేంద్రాలకూ పేరు. మండె స్థానంలో బ్యారను, బయానా స్థానంలో బ్యాంకు రుణం, వర్తకుడి ముక్కు స్థానంలో గ్రేడు చీటీ వచ్చాయి. లంక పొగాకు చుట్టకూ నములుడుకూ పరిమితమై, నదిలోనే, తగ్గిన విస్తీర్ణంలో మిగిలింది. నోటి క్యాన్సరుకూ పొగాకుకూ ఉన్న సంబంధం గురించి, ముఖ్యంగా ఉత్తర కోస్తా స్త్రీల అడ్డపొగ గురించి, వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. చుట్ట గౌరవం తగ్గడం ఆరోగ్యపరంగా మేలే. దాని చుట్టూ బతికినవారి చరిత్రను కూడా అదే కారణంతో తోసిపుచ్చనవసరం లేదు.

ఆ చరిత్రకు మిగిలిన ఆధారాలు ఇప్పుడు నీటి అంచున ఉన్నాయి. పోలవరం ప్రాజెక్టు వెనుక జలాల కింద దేవీపట్నం వైపు నదీతీర గ్రామాలు ఖాళీ అవుతున్నాయి, కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలుతున్నాయి. కొండ సంతలకు పడవ చేర్చిన రేవులు, అప్పు రాసుకున్న చిట్టాలు, ఏ లంక ఆకు ఏ గూడెంలో ఇష్టపడేవారో చెప్పగల వృద్ధులు ఆ తరలింపులో భాగం. ఇళ్లకూ చెట్లకూ పరిహారం లెక్కకట్టే పట్టికలు తయారయ్యాయి. అటక మీది పాత ఆవర్జాకు ఆ పట్టికలో గడి లేదు.